కెమెరాను ఏం అడగాలి?



2024 జూన్ 11. దోహాలో జాసిమ్ బిన్ హమద్ స్టేడియం. ఫుట్‌బాల్ ప్రపంచకప్ అర్హత పోటీల రెండో రౌండులో మన జట్టు ఆఖరి మ్యాచ్ ఖతర్‌తో ఆడుతోంది. అంతకు అయిదు రోజుల ముందే కోల్‌కతాలో మన కెప్టెన్ సునీల్ ఛెత్రి వీడ్కోలు మ్యాచ్ ఆడాడు. మరుసటి ఏడు మళ్లీ జట్టులోకి వచ్చాడనుకోండి, అది వేరే సంగతి. ఛెత్రి లేకుండా ఆసియా ఛాంపియన్ ముందు వీళ్లేం నిలుస్తారులే అనుకున్నవాళ్లే ఎక్కువ. తీరా 37వ నిమిషంలో లాలియన్‌జువాలా ఛాంగ్తే గోలు కొట్టాడు. ఆ ఒక్క గోలును చివరిదాకా కాపాడుకుంటే చాలు, మూడో రౌండుకు వెళ్తాం.

73వ నిమిషంలో ఖతర్ ఆటగాడు యూసెఫ్ ఐమెన్ బంతిని తలతో కొట్టాడు. మన గోల్‌కీపర్, ఆ రోజు కెప్టెన్ కూడా అయిన గుర్‌ప్రీత్ సింగ్ సంధు దాన్ని అడ్డుకున్నాడు. చేతికి తగిలిన బంతి పట్టు చిక్కకుండా దొర్లి, గోలు స్తంభం పక్కనుంచి గీత దాటి బయటకు పోయింది. గుర్‌ప్రీత్ ఇంకా నేల మీదే ఉన్నాడు. ఆట ఆగిందనుకుని మనవాళ్లు నిలబడిపోయారు. ఇంతలో హాష్మీ హుస్సేన్ అనే ఆటగాడు బయట ఉన్న బంతిని కాలితో లోపలికి లాగాడు. ఐమెన్ వచ్చి వలలోకి నెట్టాడు. రెఫరీ గోలన్నాడు. మనవాళ్లు చుట్టుముట్టి మొత్తుకున్నారు. ఆయన వినలేదు. 85వ నిమిషంలో ఖతర్ ఇంకో గోలు కొట్టింది. రెండు-ఒకటి తేడాతో ఓడి మనం ఇంటికొచ్చేశాం.

టీవీలో ఆ దృశ్యాన్ని తిప్పి తిప్పి చూపించారు. బంతికీ గీతకూ మధ్య పచ్చగడ్డి కనిపిస్తూనే ఉంది. ఇళ్లలో కూర్చున్నవాళ్లందరికీ తెలిసింది, తెలియాల్సిన ఒక్క మనిషికి తప్ప. ఆ రౌండులో వీడియో రెఫరీ పద్ధతి లేదు. మన ఫుట్‌బాల్ సమాఖ్య ఫిర్యాదు చేసింది, విచారణ కోరింది. స్కోరు మాత్రం మారలేదు.

సరిగ్గా నలభై రోజులకు, జూలై 21న, నార్వేలోని ట్రోన్‌హైమ్‌లో ఒక లీగ్ మ్యాచ్ మధ్యలోనే రద్దయింది. రోసెన్‌బోర్గ్, లిల్లెస్ట్రోమ్ జట్ల మధ్య ఆట. ప్రేక్షకులు మైదానంలోకి టెన్నిస్ బంతులు, పొగ బాంబులు, వాటితో పాటు చేప కట్‌లెట్లు విసిరారు. రెఫరీ ఆట ఆపాడు, మళ్లీ మొదలుపెట్టాడు, వాళ్లు మళ్లీ విసిరారు. వాళ్ల కోపం దేని మీదంటే, వీడియో రెఫరీ మీద. మాకొద్దు, తీసేయండి అని.

ఒకచోట అది లేక కడుపు మండింది. ఇంకోచోట ఉన్నందుకు మండింది. ఈ రెండు కోపాలూ న్యాయమైనవేనని నేను చెప్పబోతున్నాను.

ముందు ఆ పద్ధతి ఏమిటో రెండు మాటల్లో. వీడియో అసిస్టెంట్ రెఫరీ, పొట్టిగా వీఏఆర్. మైదానంలో రెఫరీ ఎప్పటిలాగే ఈల ఊదుతాడు. ఎక్కడో దూరాన ఒక గదిలో తెరల ముందు ఇంకొందరు అధికారులు కూర్చుని అన్ని కెమెరాల దృశ్యాలూ చూస్తుంటారు. 2018 ప్రపంచకప్‌లో ఆ గది మాస్కోలో ఉండేది. మ్యాచ్ కజాన్‌లో జరిగినా, సోచిలో జరిగినా చూసేది మాస్కోలోనే. 2018 నియమాల ప్రకారం వాళ్లు జోక్యం చేసుకోవాల్సినవి నాలుగే నాలుగు. గోలు, పెనాల్టీ, నేరుగా చూపే ఎర్ర కార్డు, ఒకరి బదులు ఇంకొకరికి కార్డు చూపించడం. అదీ స్పష్టంగా, ఎవరు చూసినా తప్పే అనిపించే పొరపాటు జరిగితేనే. అప్పుడు రెఫరీ చెవిలో చెబుతారు. అవసరమైతే ఆయన గాలిలో చేతులతో టీవీ ఆకారం గీసి, గీత పక్కనున్న తెర దగ్గరికి వెళ్లి తానే చూసుకుంటాడు.

క్రికెట్ చూసే మనకిదేమంత వింత? 1992లో డర్బన్‌లో సచిన్ టెండూల్కర్ రనౌట్‌ను టీవీ చూసి ఇచ్చిన నాటినుంచి మనకు థర్డ్ అంపైర్ అలవాటే. కబడ్డీలోనూ రివ్యూ అడుగుతున్నారు. ఫుట్‌బాల్ మాత్రం పట్టుబట్టి 2018 మార్చిదాకా దాన్ని నియమావళిలోకి రానివ్వలేదు. పంతమే కాదు, కారణమూ ఉంది. క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధి ఆటలోనే ఉంది. ఫుట్‌బాల్‌లో లేదు. ఇవతల పెనాల్టీ ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తుండగానే అవతల గోలు పడిపోవచ్చు. ఇంకో వాదన కూడా చేసేవారు. ఊరి బయలులో ఆడినా, ప్రపంచకప్‌లో ఆడినా ఒకటే నియమాలుండాలి, ఒక బంతి, ఒక ఈల ఉంటే ఆట నడవాలి, అదే దీని అందం అని. అప్పటి ఫిఫా అధ్యక్షుడు సెప్ బ్లాటర్, యూరప్ సమాఖ్య అధినేత మిషెల్ ప్లాటినీ చాలాకాలం ఆ మాట మీదే ఉన్నారు.

ఆ మాట మీద నిలబడినందుకు ఆట చెల్లించిన మూల్యం చిన్నదేమీ కాదు. 1966 ప్రపంచకప్ ఫైనల్, లండన్ వెంబ్లీ స్టేడియం. అదనపు సమయంలో ఇంగ్లండ్ ఆటగాడు జెఫ్ హర్స్ట్ కొట్టిన బంతి గోలు పైకమ్మికి తగిలి నిట్టనిలువునా కిందపడి బయటకు వచ్చింది. గీత దాటిందా? స్విట్జర్లాండ్ రెఫరీ డీన్స్ట్‌కు తెలియలేదు. లైన్స్‌మన్ తోఫిక్ బహ్రామోవ్ దగ్గరికి పరుగెత్తాడు. ఆయన దాటిందన్నాడు. పశ్చిమ జర్మనీని ఓడించి ఇంగ్లండ్ కప్పు గెలిచింది. జర్మనీ వాళ్లు ఈనాటికీ దాటలేదనే అంటారు. బహ్రామోవ్ అజర్‌బైజాన్ వాడు. ఆయన పేరు మీద బాకూలో స్టేడియం ఉంది, విగ్రహం ఉంది. ఆ విగ్రహావిష్కరణకు హర్స్ట్ స్వయంగా వెళ్లాడు. వెళ్లకుండా ఎలా ఉంటాడు!

ఇరవై ఏళ్ల తర్వాత మెక్సికో నగరంలో మారడోనా చేతి గోలు. అది మీరు వినే ఉంటారు. వినని భాగం చెబుతాను. ఆనాటి రెఫరీ ట్యునీషియాకు చెందిన అలీ బెన్నసర్. మారడోనా, ఇంగ్లండ్ గోల్‌కీపర్ షిల్టన్ కలిసి ఎగిరినప్పుడు ఆయనకు వెనకనుంచి వీపులే కనిపించాయి. వెంటనే గోలు ఇవ్వలేదు. బల్గేరియా లైన్స్‌మన్ వైపు చూశాడు. ఆ లైన్స్‌మన్ జెండా ఎత్తలేదు, మధ్యగీత వైపు పరుగెత్తాడు. అంటే గోలే అన్నమాట. నీకన్నా మంచి చోట ఉన్నవాడి మాట తీసుకో అన్నది బెన్నసర్‌కు అందిన ఆదేశం. తీసుకున్నాడు. చేతిలో ఉన్నదంతా సక్రమంగా చేసిన మనిషి, చరిత్రలో అతి పెద్ద తప్పుకు బాధ్యుడయ్యాడు. 2015లో మారడోనా ట్యునీషియా వెళ్లి ఆయన ఇంటి తలుపు తట్టి, సంతకం చేసిన చొక్కా ఇచ్చి కౌగిలించుకున్నాడు. ఆ మ్యాచ్ బంతి బెన్నసర్ దగ్గరే ఉండిపోయింది. 2022లో దాన్ని వేలం వేస్తే ఇరవై లక్షల పౌండ్లు పలికింది.

ఇలాంటివి చెప్పుకుంటూ పోతే ఒకరోజు చాలదు. 2009 నవంబరులో పారిస్‌లో థియరీ ఆన్రీ బంతిని చేత్తో ఆపి అందించిన గోలుతో ఐర్లాండ్ ప్రపంచకప్‌కు దూరమైంది. మమ్మల్ని 33వ జట్టుగా చేర్చుకోండని వాళ్లు ఫిఫాను అడిగారు. కుదరదన్నారు. ఆ తర్వాత ఫిఫా వాళ్ల సమాఖ్యకు యాభై లక్షల యూరోలు ఇచ్చిన సంగతి 2015లో బయటపడింది.

కానీ అసలు కట్ట తెగింది 2010 జూన్ 27న. దక్షిణాఫ్రికాలో ఒకేరోజు రెండు మ్యాచ్‌లు. మధ్యాహ్నం బ్లూమ్‌ఫోంటైన్‌లో జర్మనీ మీద ఇంగ్లండ్ 2-1తో వెనకబడి ఉండగా ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి పైకమ్మికి తగిలి గీత లోపల పడింది. కొంచెం లోపల కాదు, బాగా లోపల. రెఫరీ, లైన్స్‌మన్ ఇద్దరూ చూడలేదు. రాత్రి జొహానెస్‌బర్గ్‌లో అర్జెంటీనా ఆటగాడు కార్లోస్ తెవెస్ నిలువునా ఆఫ్‌సైడ్‌లో నిలబడి మెక్సికో మీద గోలు కొట్టాడు. ఇక్కడ ఘోరం ఏమిటంటే, ఆ గోలును స్టేడియంలోని పెద్ద తెర మీద మళ్లీ వేసేశారు. మెక్సికో ఆటగాళ్లు వేళ్లు చూపిస్తూ రెఫరీని చుట్టుముట్టారు. ఇటలీకి చెందిన రెఫరీ రోబెర్తో రొసెత్తి లైన్స్‌మన్‌తో మాట్లాడాడు. తప్పు జరిగిందని స్టేడియమంతటికీ తెలిసిపోయింది. అయినా తెరను చూసి తీర్పు మార్చే అధికారం నియమాల్లో లేదు. గోలు నిలిచింది. బ్లాటర్ ఆ రెండు దేశాలకూ క్షమాపణ చెప్పాడు. ఎనిమిదేళ్ల తర్వాత రష్యా ప్రపంచకప్‌లో వీఏఆర్ ఏర్పాట్లకు ఫిఫా ఎవరిని నాయకుడిగా పెట్టిందో తెలుసా? ఆ రొసెత్తినే.

గీత సంగతి ముందు తేలిపోయింది. 2012లో గోల్‌లైన్ టెక్నాలజీకి అనుమతి దొరికింది. గోలు చుట్టూ కెమెరాలు బంతిని కనిపెట్టుకుని ఉంటాయి. బంతి మొత్తం గీత దాటితే ఒక్క సెకనులో రెఫరీ చేతిగడియారం అదురుతుంది. ఆట ఆగదు, చర్చ ఉండదు. అయితే పరువు పోయిన సందర్భమూ ఉంది. 2020 జూన్‌లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఆస్టన్ విల్లా గోల్‌కీపర్ బంతిని పట్టుకుని గీత లోపలికి పడిపోయాడు. ఆటగాళ్లు, స్తంభం అడ్డొచ్చి ఏడు కెమెరాలకీ బంతి కనిపించలేదు. గడియారం అదరలేదు. ఆ సీజన్ చివర విల్లా ఒకే ఒక్క పాయింటుతో కిందిస్థాయి లీగ్‌కు పడిపోకుండా బయటపడింది. కిందికి పోయిన జట్ల వాళ్లకు ఆ గడియారం కలలోకి వచ్చి ఉంటుంది. అయినా తొమ్మిది వేలకు పైగా మ్యాచ్‌లలో అది మొదటి తప్పని ఆ యంత్రం తయారుచేసిన హాక్‌ఐ చెప్పుకుంది. ఏ మనిషీ ఆ లెక్కకు దగ్గరికి రాలేడు.

బంతి బయటకు పోయిందా లేదా అన్నదీ ఇలాంటి ప్రశ్నే. 2022 డిసెంబర్ 1న ఖతర్‌లో జపాన్, స్పెయిన్ మ్యాచ్. గీత మీద నుంచి బయటకు పోతున్న బంతిని కవోరు మితోమా కాలు చాచి లోపలికి తోశాడు. ఆవో తనకా గోలు చేశాడు. టీవీలో ఒక పక్కనుంచి చూస్తే బంతికీ గీతకూ మధ్య గడ్డి కనిపించింది. ప్రపంచమంతా బంతి బయటే అంది. వీఏఆర్ చూసి లోపలే అంది. ఇదెలాగో చెబుతాను, ఒక బంతి, ఒక సుద్దగీత ఉంటే మీరే చూసుకోవచ్చు. ఫుట్‌బాల్ వ్యాసం దాదాపు 22 సెంటీమీటర్లు. నేలను తాకేది మాత్రం చిన్న చుక్కంత. ఆ చుక్క గీతకు బయట పది సెంటీమీటర్ల దూరంలో ఉన్నా, సరిగ్గా పైనుంచి చూస్తే బంతి పొట్ట ఇంకా గీత మీదే వాలి ఉంటుంది. నియమం ప్రకారం బంతి మొత్తం దాటాలి. ఆ రోజు రెండు మిల్లీమీటర్ల కన్నా కొంచెం తక్కువే మిగిలింది. ఆ గోలుతో జపాన్ గెలిచింది, నాలుగుసార్లు కప్పు గెలిచిన జర్మనీ ఇంటిదారి పట్టింది. ఒక్క వెంట్రుకవాసి కొలవగలిగే ఏర్పాటు ఒక మ్యాచ్‌లో. గీత బయట గడ్డి మీద పడి ఉన్న బంతిని చూసేందుకు ఇంకో కన్ను కూడా లేని ఏర్పాటు మన మ్యాచ్‌లో. రెండూ అదే ప్రపంచకప్ పేరు మీద జరిగే ఆటలే. నాకు వీఏఆర్ మీదకన్నా కోపం దీని మీద.

ఇక్కడిదాకా కెమెరా పక్షాన మాట్లాడాను. ఇప్పుడు నార్వే వాళ్ల పక్షానికి వస్తాను.

ఆఫ్‌సైడ్ తీసుకోండి. అదీ కొలిచే విషయమే కదా అనిపిస్తుంది. బంతి అందించిన క్షణంలో ముందున్న ఆటగాడు ప్రత్యర్థి జట్టు చివరినుంచి రెండో మనిషిని దాటి ఉన్నాడా లేదా. కానీ క్షణమంటే ఎంత? మామూలు టీవీ కెమెరా సెకనుకు యాభై బొమ్మలు తీస్తుందనుకోండి. సెకనుకు పది మీటర్ల వేగంతో దూసుకుపోయే ఆటగాడు ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య ఇరవై సెంటీమీటర్లు కదిలిపోతాడు. బంతి కాలిని వదిలిన క్షణం ఆ రెండు బొమ్మల నడుమ ఎక్కడో ఉంటుంది. అలాంటి బొమ్మ మీద గీతలు గీసి, 2019 నవంబరులో ఆస్టన్ విల్లా మీద లివర్‌పూల్ ఆటగాడు ఫిర్మీనో కొట్టిన గోలును, చంక గీత దాటిందని కొట్టేశారు. చంక! గోలు దగ్గర కాపు కాసి ఊరికే నిలబడేవాళ్లను ఆపడానికి పుట్టిన నియమమది. చంక ముందుకు వంగితే ఎవడికి ఏం ఒరిగింది? తర్వాత ఇంగ్లండ్ లీగ్ వాళ్లే ఆ గీతలను లావు చేశారు, అనుమానం వస్తే కొట్టేవాడికే మేలు జరిగేలా. ఖతర్ ప్రపంచకప్ నాటికి యంత్రాలు బాగుపడ్డాయి. పైకప్పు కింద పన్నెండు కెమెరాలు ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 చోట్లను సెకనుకు యాభైసార్లు గుర్తిస్తాయి. బంతి లోపలి పరికరం సెకనుకు అయిదు వందలసార్లు కబురు పంపుతుంది. సౌదీ అరేబియా మీద అర్జెంటీనా కొట్టిన గోల్స్ మూడింటిని ఆఫ్‌సైడ్ అని కొట్టేశారు, ఎవరూ పెద్దగా గొడవ పడలేదు. కొలత సరిగ్గా ఉంటే జనం ఊరుకుంటారు. నియమమే కొంచెం వదులు కావాలని, ఒంట్లో ఏ భాగమైనా వరసలో ఉంటే ఆఫ్‌సైడ్ ఇవ్వకూడదని మాజీ కోచ్ ఆర్సేన్ వెంగర్ కొన్నేళ్లుగా చెబుతున్నాడు. నా ఓటు ఆయనకే.

అసలు చిక్కు కొలతకు అందని వాటితో. చెయ్యి తగిలిందా అంటే కెమెరా చెబుతుంది. ఆ చెయ్యి అక్కడ ఉండటం తప్పా అంటే చెప్పలేదు. 2018 ప్రపంచకప్ ఫైనల్, మాస్కో. ఫ్రాన్స్, క్రొయేషియా 1-1తో ఉన్నాయి. ఫ్రాన్స్ కార్నర్ కొట్టింది. బంతి క్రొయేషియా ఆటగాడు పెరిసిచ్ చేతికి తగిలింది. అర్జెంటీనా రెఫరీ నెస్తోర్ పితానా చెవిలో గది నుంచి మాట పడింది. వెళ్లి తెర చూశాడు. మైదానంలోకి తిరిగొస్తూ, మళ్లీ వెనక్కి వెళ్లి ఇంకోసారి చూశాడు. ఆ రెండో చూపే నాకు గుర్తుండిపోయింది. స్పష్టమైన తప్పయితే రెండోసారి చూడాల్సిన పనేముంది? చూసి పెనాల్టీ ఇచ్చాడు. గ్రీజ్‌మన్ కొట్టాడు. ఫ్రాన్స్ చివరికి 4-2తో గెలిచింది. ఆ పెనాల్టీ సరైనదా కాదా అంటే ఇప్పటికీ మాజీ రెఫరీల్లోనే ఏకాభిప్రాయం లేదు. 1966లో వాదన గీత దగ్గర ఉండేది. 2018లో అది చేతి దగ్గరికి మారింది. వాదన ఆగలేదు, చోటు మార్చుకుంది.

దీనికి తోడు నిదానంగా తిప్పి చూపే దృశ్యం ఒకటి. ఏ తాకిడినైనా నెమ్మదిగా చూస్తే కావాలని చేసినట్టే కనబడుతుంది. చేసినవాడికి ఆలోచించుకునే తీరిక ఉన్నట్టు అనిపిస్తుంది. పరిశోధకుల ప్రయోగాల్లోనూ అదే తేలింది. అందుకే వీఏఆర్ నియమావళిలోనే రాశారు, ఎక్కడ తగిలిందో తెలుసుకోవడానికి నిదానంగా చూడండి, ఎంత గట్టిగా తగిలిందో తేల్చడానికి మామూలు వేగంలో చూడండి అని. రాసినంత మాత్రాన సరిపోతుందా? కాలి మడమ మీద బూటు పడి ఉన్న ఒక నిశ్చల చిత్రాన్ని ముందు చూపించి, ఆ తర్వాత ఎంత వేగంగా తిప్పినా రెఫరీ మనసులో ఆ బొమ్మే ఉండిపోతుంది.

మనుషులు తప్పు చేస్తారనే కదా కెమెరా తెచ్చుకున్నాం. కెమెరా ముందు కూర్చునేదీ మనుషులే. 2023 సెప్టెంబర్ 30న లండన్‌లో టోటెన్‌హామ్, లివర్‌పూల్ మ్యాచ్. లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ దియాస్ గోలు కొట్టాడు. లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ అన్నాడు. గదిలో వీఏఆర్ అధికారి గీతలు గీసి చూశాడు, ఆఫ్‌సైడ్ కాదు, గోలు సక్రమమే. ఇంతవరకూ బ్రహ్మాండం. కానీ మైదానంలో గోలు ఇచ్చారనుకున్నాడాయన. అందుకని తనిఖీ పూర్తయింది, అంతా బాగుందని చెప్పాడు. రెఫరీకి అదెలా వినిపిస్తుంది? నీ తీర్పు సరైనదే అని. ఆట మళ్లీ మొదలైపోయింది.

ఆ గదిలోని మాటల రికార్డును తర్వాత రెఫరీల సంస్థే బయటపెట్టింది. వింటుంటే ఒళ్లు జలదరిస్తుంది. దృశ్యాలు తిప్పే కుర్రాడు ముందు పసిగట్టాడు. ఆగండాగండి, మైదానంలో ఇచ్చింది ఆఫ్‌సైడ్ కదా, మీకిది సమ్మతమేనా అన్నాడు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత పక్కనున్న సహాయకుడికి వెలిగింది. ఆ తర్వాత ఒక బూతుమాట. ఆట ఆపండి, ఆపమని చెప్పండి అని ఒకరు. అసలు అధికారి మాత్రం, ఏం చేయలేను, ఏం చేయలేను అంటూనే ఉన్నాడు. ఎందుకంటే ఆట తిరిగి మొదలయ్యాక వెనక్కి వెళ్లి తీర్పు మార్చకూడదని నియమం. సత్యం గదిలో అందరికీ తెలుసు. తెర మీద ఉంది. తప్పును నివారించడానికి రాసుకున్న నియమమే దాన్ని దిద్దనివ్వలేదు. టోటెన్‌హామ్ 2-1తో గెలిచింది. 2010లో రొసెత్తికి తెర కనిపించినా అధికారం లేదు. 2023లో వీళ్లకు తెరా ఉంది, అధికారమూ ఉంది, తీరా గడువు దాటిపోయింది.

ఇక స్టేడియంలో డబ్బిచ్చి కూర్చున్న మనిషి సంగతి. నా దృష్టిలో అతనికి జరుగుతున్నదే అన్నిటికన్నా పెద్ద నష్టం. ఫుట్‌బాల్‌లో గోల్స్ అరుదు. తొంభై నిమిషాలు కళ్లు కాయలు కాచేలా చూస్తే ఒకటో రెండో పడతాయి. పడినప్పుడు పక్కనున్న ముక్కూమొహం తెలియనివాణ్ని వాటేసుకుంటాం. ఇప్పుడు గోలు పడగానే అందరి చూపూ రెఫరీ చెవి వైపు పోతోంది. 2019 ఏప్రిల్‌లో మాంచెస్టర్‌లో సిటీ, టోటెన్‌హామ్ ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ ఆడాయి. చివరి నిమిషాల్లో రహీం స్టెర్లింగ్ గోలు కొట్టాడు. సిటీ సెమీస్‌కు వెళ్లిపోయిందని స్టేడియం దద్దరిల్లింది. కోచ్ గార్డియోలా గీత వెంట గంతులేశాడు. అంతలో తెర మీద గోలు లేదని పడింది, అంతకుముందే అగ్వెరో ఆఫ్‌సైడ్. గార్డియోలా ఉన్నచోటే కూలబడ్డాడు. తీర్పు నూటికి నూరుపాళ్లు సరైనదే. అలాంటి సరైన తీర్పులు నాలుగు చూశాక, అయిదో గోలుకు లేచి గంతులేయడానికి కాళ్లు రావు. ఈ వెలితిని ఏ లెక్కలోనూ రాయరు.

లెక్కలంటే గుర్తొచ్చింది. వీఏఆర్ వచ్చాక కీలక నిర్ణయాల్లో సరైనవి 82 శాతం నుంచి 96 శాతానికి పెరిగాయని ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ చెబుతుంది. సంతోషమే. మరి ఆ సరైనవేవో తేల్చేదెవరు? తర్వాత తీరిగ్గా కూర్చుని ఓట్లేసే ఒక బృందం. ఆ బృందంలోనూ మూడు ఓట్లకు రెండు అన్నట్టు తీర్పులు వస్తుంటాయి. వీఏఆర్ తీసేద్దామని వోల్వ్స్ క్లబ్ పెట్టిన తీర్మానం మీద 2024 జూన్‌లో ఓటింగ్ జరిగింది. పంతొమ్మిది క్లబ్బులు వద్దన్నాయి, వోల్వ్స్ ఒక్కటే మిగిలింది. తిట్టుకుంటూనే ఉంచుకున్నారు. స్వీడన్‌లో మాత్రం రానివ్వనేలేదు. అక్కడ క్లబ్బుల్లో సగానికి పైగా ఓటింగ్ హక్కు అభిమానులైన సభ్యుల చేతిలో ఉండాలని నిబంధన. వాళ్లు క్లబ్బు సమావేశాల్లో కూర్చుని వద్దని ఓటేశారు, సమాఖ్య తలొగ్గింది. నార్వేలో క్లబ్బుల్లో ఎక్కువ వద్దన్నా, 2025 మార్చిలో జాతీయ సమాఖ్య సర్వసభ్య సమావేశం ఉంచాలనే తేల్చింది. అభిమానులను అడిగిన చోట ఒక జవాబు, అధికారులను అడిగిన చోట ఇంకో జవాబు.

మన దగ్గరికి వద్దాం. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఇంతవరకూ వీఏఆర్ లేదు. 2023 మార్చి 3న బెంగళూరులో జరిగింది మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. కేరళ బ్లాస్టర్స్‌తో నాకౌట్ మ్యాచ్, అదనపు సమయం. బెంగళూరుకు ఫ్రీకిక్ వచ్చింది. కేరళ వాళ్లు ఇంకా గోడ కట్టుకుంటూనే ఉన్నారు, గోల్‌కీపర్ సర్దుకోలేదు. ఛెత్రి చటుక్కున కొట్టేశాడు. రెఫరీ గోలన్నాడు. కేరళ కోచ్ ఇవాన్ వుకమనోవిచ్ జట్టును బయటకు పిలిచేశాడు, వాళ్లు తిరిగి రాలేదు. క్లబ్బుకు నాలుగు కోట్ల జరిమానా, కోచ్‌కు పది మ్యాచ్‌ల నిషేధం పడ్డాయి. ఆ వారమంతా దేశంలో ఒకటే కేక, వీఏఆర్ తీసుకురండి అని. ఉండి ఉంటే ఏం చేసేది? ఏమీ చేయలేకపోయేది. ఈల కోసం ఆగాలా, వెంటనే కొట్టొచ్చా అన్నది రెఫరీ ఇష్టం. వీఏఆర్ చూసే ఆ నాలుగింటిలో అది లేనే లేదు. ఏడాది తిరగ్గానే దోహాలో జరిగింది మాత్రం ఒక్క కెమెరాతో తేలిపోయేది. మనం కేకలు పెట్టిన చోట అది పనికిరాదు, పనికొచ్చే చోట మనకు లేదు.

కోట్లు పోసి గది కట్టి, డజన్లకొద్దీ కెమెరాలు పెట్టే స్తోమత మన లీగ్‌లకు లేదు, ఇప్పట్లో రాదు కూడా. అయితే 2024లో ఫిఫా ఇంకో పద్ధతి ప్రయోగించింది. ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్ అంటారు. కొలంబియాలో జరిగిన ఇరవై ఏళ్లలోపు అమ్మాయిల ప్రపంచకప్‌లో వాడారు. ప్రత్యేకంగా గది ఉండదు, అందులో కూర్చునే అధికారులూ ఉండరు. కోచ్‌కు మ్యాచ్‌కు రెండు అవకాశాలు. తేడా జరిగిందనుకుంటే చూపుడువేలు గాలిలో తిప్పుతూ నాలుగో అధికారికి చీటీ అందిస్తాడు. రెఫరీ పక్కనున్న తెర దగ్గరికి వెళ్లి, ఉన్న కొద్ది కెమెరాల దృశ్యాలే చూసి తేలుస్తాడు. కోచ్ మాట నెగ్గితే అవకాశం మిగులుతుంది, ఓడితే పోతుంది. అనుమానం వచ్చిన ప్రతిసారీ ఆట ఆగదు. అడిగినవాడే బాధ్యత మోస్తాడు. క్రికెట్ రివ్యూ చూసి పెరిగిన మన జనానికి ఇది విడమరిచి చెప్పాల్సిన పని కూడా లేదు.

నన్నడిగితే దాన్ని ఇంకా చిన్నది చేసి తెచ్చుకోమంటాను. బంతి గీత దాటిందా, బయటకు పోయిందా, తప్పు పెనాల్టీ పెట్టె లోపల జరిగిందా బయటా, కార్డు చూపింది సరైన మనిషికేనా? ఇవి మాత్రమే అడగనివ్వాలి. కావాలని తాకాడా, ఎంత గట్టిగా తాకాడు అన్నవి మైదానంలో ఈల పట్టుకున్న మనిషికి వదిలేయాలి. ఆయన కొన్నిసార్లు తప్పు చేస్తాడు. చేస్తే తిట్టుకుందాం, ఆ హక్కు నూటయాభై ఏళ్లుగా అనుభవిస్తున్నదే. 2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ చివరి రౌండ్లు హైదరాబాద్‌లో జరిగాయి, ఫైనల్ గచ్చిబౌలిలో. ఆ స్థాయి టోర్నీకి ఒక్కో గోలు గీత వెంట ఒక్కో కెమెరా, గీత పక్కన ఒక తెర, చూడటం నేర్పిన ఒక రెఫరీ. ఇంతే కావాలి. ఖర్చు కన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఆ మూడోదాని గురించి. యంత్రాలు టెండరు పిలిస్తే వచ్చేస్తాయి. తెర ముందు నిలబడి, చుట్టూ వేలమంది అరుస్తుంటే, ఆ బొమ్మ ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో విడదీసుకోగల రెఫరీలను తయారుచేయడానికి కొన్నేళ్లు పడుతుంది. ఆ శిక్షణ ఇంకా కెమెరాలు రాకముందే మొదలుపెట్టొచ్చు.